వోల్టేజిని హఠాత్తుగా మార్చినప్పుడు ఎలక్ట్రోడ్ వద్ద కరెంటు: మోడలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

వోల్టేజిని ఒక్కసారిగా మార్చిన వెంటనే ఎలక్ట్రోడ్ వద్ద ఏం జరుగుతుంది?

ఒకదాని వెంట ఒకటిగా, కొంతవరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మూడు పనులు జరుగుతాయి. మొదటిది, ఎలక్ట్రోడ్ ఉపరితలానికి ఆనుకొని ఉన్న విద్యుత్ డబుల్ లేయర్ (ఉపరితలపు ఛార్జి, దానికి ఎదురుగా ద్రావణంలో చేరే వ్యతిరేక అయాన్లు, ఈ రెండింటి పొర) కొత్త వోల్టేజికి తగినట్లుగా ఛార్జి అవుతుంది. రెండవది, ఉపరితలం దగ్గర అప్పటికే ఉన్న అణువులు గానీ అయాన్లు గానీ ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెడతాయి. మూడవది, అలా ఖర్చయిపోయిన పదార్థం స్థానంలోకి ద్రావణం లోపలి నుంచి కొత్త పదార్థం విసరణ ద్వారా వచ్చి చేరుతుంది. కొలత పరికరానికి కనబడేది ఈ మూడింటి మొత్తం మాత్రమే. ఈ పద్ధతిని ప్రయోగశాలల్లో క్రోనోఆంపెరోమెట్రీ అంటారు.

మోడల్ రాయబోయే వారికి మొదటగా చెప్పవలసిన మాట ఒకటుంది. సమీకరణాలు రాయడానికి ముందే ఈ మూడు పనులకూ ఎంతెంత సమయం పడుతుందో కాగితం మీద అంచనా వేసుకోవాలి. ఏది ఏ సమయంలో ముఖ్యమో తెలియకుండా రాసిన ప్రోగ్రాం అందమైన వక్రరేఖను గీయవచ్చు గాని, ఆ వక్రరేఖ దేనిని చూపుతున్నదో రాసినవారికే తెలియదు.

కాట్రెల్ సమీకరణం ఏం చెబుతుంది? దానిని ఎప్పుడు నమ్మవచ్చు?

చదునైన ఎలక్ట్రోడ్, కదలిక లేని ద్రావణం, ఉపరితలాన్ని చేరిన ప్రతి కణమూ వెంటనే చర్య జరిపేంత బలమైన వోల్టేజి మార్పు, ఈ మూడూ ఉన్నప్పుడు కరెంటు సమయపు వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుందని ఫ్రెడరిక్ గార్డ్నర్ కాట్రెల్ 1903లో చూపించారు. కర్మాగారాల పొగలోని ధూళిని విద్యుత్ క్షేత్రంతో పట్టే పరికరం ద్వారా ఆ తరువాత ప్రసిద్ధులైనది కూడా ఈయనే. కరెంటు విలువ కావాలంటే చర్యలో మారే ఎలక్ట్రాన్ల సంఖ్య, ఫారడే స్థిరాంకం, ఎలక్ట్రోడ్ వైశాల్యం, ద్రావణంలోని గాఢత, ఈ నాలుగింటినీ గుణించి, ఆ లబ్ధాన్ని విసరణ గుణకపు వర్గమూలంతో గుణించి, π (పై) విలువను సమయంతో గుణించగా వచ్చినదాని వర్గమూలంతో భాగించాలి.

అంకెలు వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 3 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తాకార ఎలక్ట్రోడ్ వైశాల్యం సుమారు 0.0707 చదరపు సెంటీమీటర్లు. గాఢత లీటరుకు 1 మిల్లీమోల్ అని, విసరణ గుణకం సెకనుకు 10⁻⁵ చదరపు సెంటీమీటర్లు అని, మారే ఎలక్ట్రాన్ ఒక్కటే అని తీసుకుంటే, 1 సెకను వద్ద కరెంటు సుమారు 12 మైక్రోఆంపియర్లు, 10 మిల్లీసెకన్ల వద్ద సుమారు 122 మైక్రోఆంపియర్లు. ఈ పేజీలో ఇక ముందు ‘మన ఎలక్ట్రోడ్’ అన్నప్పుడల్లా ఈ ఉదాహరణనే గుర్తుంచుకోవాలి.

ఈ తగ్గుదలకు కారణం సులువైనదే. ఉపరితలం దగ్గర పదార్థం ఖాళీ అయిన ప్రాంతం క్రమంగా ద్రావణం లోపలికి పెరుగుతూ పోతుంది. π, విసరణ గుణకం, సమయం, ఈ మూడింటి లబ్ధపు వర్గమూలాన్ని దాని మందంగా లెక్కిస్తే, 1 సెకనుకు అది సుమారు 56 మైక్రోమీటర్లు. పొర మందమయ్యేకొద్దీ గాఢతలోని వాలు తగ్గుతుంది, వాలుతో పాటు కరెంటూ తగ్గుతుంది.

సమయం సున్నా వద్ద సమీకరణం ప్రకారం కరెంటు అనంతం కావాలి కదా? మోడల్‌లో దీనిని ఎలా తీసుకోవాలి?

ఆ అనంతం గణితంలోనే ఉంది, ప్రకృతిలో లేదు. వోల్టేజి మారిన క్షణంలోనే ఉపరితల గాఢత సున్నా అయిపోతుందని మనం ఊహించాము కాబట్టి అది వచ్చింది. వాస్తవంలో కరెంటుకు కనీసం రెండు కళ్లేలు ఉంటాయి: ఎలక్ట్రాన్ బదిలీ వేగం ఒకటి, ద్రావణపు నిరోధం మరొకటి.

మొదటి కళ్లేన్ని చూద్దాం. వెనుకకు జరగని చర్యకు వేగ స్థిరాంకం సెకనుకు 0.01 సెంటీమీటర్ అయితే, మన ఎలక్ట్రోడ్ వద్ద తొలి కరెంటు సుమారు 68 మైక్రోఆంపియర్లను మించదు. కాట్రెల్ లెక్క 10 మిల్లీసెకన్ల వద్ద 122 అంటున్నది కాబట్టి, ఆ సమయానికి ఆ లెక్క ఇంకా వర్తించడం లేదని వెంటనే తెలిసిపోతుంది. విసరణ గుణకాన్ని వేగ స్థిరాంకపు వర్గంతో భాగిస్తే వచ్చే సమయం ఇక్కడ 0.1 సెకను. దానికంటే చాలా ముందు కరెంటును నడిపేది చర్య వేగం, దానికి చాలా తరువాత నడిపేది విసరణ.

ఈ సందర్భానికి ఖచ్చితమైన సూత్రం కూడా ఉంది. తొలి కరెంటును ఒక సంఖ్య వర్గపు ఘాతాంక ప్రమేయంతోనూ, అదే సంఖ్య యొక్క పూరక దోష ప్రమేయంతోనూ (erfc) గుణించాలి. ఆ సంఖ్య వేగ స్థిరాంకాన్ని సమయపు వర్గమూలంతో గుణించి, విసరణ గుణకపు వర్గమూలంతో భాగించగా వచ్చేది. ఇక్కడ చాలామంది ప్రోగ్రాంలు కుప్పకూలుతాయి. వేగ స్థిరాంకం సెకనుకు 0.1 సెంటీమీటర్, సమయం 1 సెకను అయితే ఆ సంఖ్య 31.6 అవుతుంది, దాని వర్గం 1000. 1000కి ఘాతాంక విలువ సాధారణ ద్విగుణ ఖచ్చితత్వ సంఖ్యలలో పట్టదు, పూరక దోష ప్రమేయమేమో సున్నాగా మారిపోతుంది. ఈ రెండింటినీ విడివిడిగా లెక్కించి గుణించకూడదు. రెండూ కలిసిన రూపాన్నే నేరుగా ఇచ్చే ప్రమేయం గణిత లైబ్రరీలలో దొరుకుతుంది, దానిని వాడాలి. సంఖ్య బాగా పెద్దదైనప్పుడు ఫలితం కాట్రెల్ సమీకరణంలో కలిసిపోతుంది, అలా కలవడమే సరైన ప్రవర్తన.

వోల్టేజి మార్పు అంత బలమైనది కాకపోతే?

చర్య వేగంగా, రెండు దిశలలోనూ సాగేదైతే, ఉపరితల గాఢతల నిష్పత్తిని నెర్న్‌స్ట్ సమీకరణం నిర్ణయిస్తుంది. రెండు రూపాల విసరణ గుణకాలు సమానమైతే కరెంటు ఆకారం కాట్రెల్‌దే, పరిమాణం మాత్రమే తగ్గుతుంది. సరిగ్గా ప్రామాణిక పొటెన్షియల్ వద్ద అది సగం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక ఎలక్ట్రాన్ చర్యకు, దానిని 118 మిల్లీవోల్టులు దాటితే పూర్తి విలువలో సుమారు 99 శాతం వస్తుంది.

డబుల్ లేయర్ ఛార్జి అయ్యే కరెంటును లెక్కలో ఎలా చేర్చాలి?

తొలి అంచనాకు దానిని ఒక కెపాసిటర్‌గా, ద్రావణపు నిరోధంతో శ్రేణిలో ఉన్నట్లుగా భావించవచ్చు. జల ద్రావణాలలో లోహపు ఎలక్ట్రోడ్ల కెపాసిటెన్స్ సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 40 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. 20 తీసుకుంటే మన ఎలక్ట్రోడ్‌కు సుమారు 1.4 మైక్రోఫారడ్లు. నిరోధం 100 ఓములైతే కాల స్థిరాంకం 0.14 మిల్లీసెకను. వోల్టేజిని 0.5 వోల్టు మారిస్తే తొలి ఛార్జింగ్ కరెంటు 5 మిల్లీఆంపియర్లు, అంటే విసరణ కరెంటు కంటే ఎంతో పెద్దది. కానీ పది కాల స్థిరాంకాలు గడిచేసరికి, అంటే 1.4 మిల్లీసెకన్ల వద్ద, అది 0.23 మైక్రోఆంపియరుకు పడిపోతుంది. అదే సమయంలో విసరణ కరెంటు సుమారు 326 మైక్రోఆంపియర్లు. ‘కొంచెం ఆగి కొలవండి’ అనే సలహాకు ఆధారం ఇదే.

అయితే ఈ సలహాకు ఒక షరతు ఉంది, దానిని తగినంత గట్టిగా చెప్పడం లేదని నా అభిప్రాయం. ఘన ఎలక్ట్రోడ్ల డబుల్ లేయర్ చాలాసార్లు ఆదర్శ కెపాసిటర్‌లా ప్రవర్తించదు, స్థిర దశా మూలకం (constant phase element) అని పిలిచే దానిలా ప్రవర్తిస్తుంది. అప్పుడు ఛార్జింగ్ కరెంటు చివరకు ఘాతాంక రూపంలో కాక, సమయపు ఒక ఘాతానికి విలోమంగా, నెమ్మదిగా తగ్గుతుంది. ఆ తోక ఎన్ని కాల స్థిరాంకాలు ఆగినా పూర్తిగా పోదు. అందుచేత చర్య జరిపే పదార్థం లేని అదే ద్రావణంలో అదే మార్పును మళ్లీ చేసి కొలిచి, ఆ నేపథ్య కరెంటును తీసివేయడం మంచిది. ఆ పదార్థం ఉపరితలానికి అంటుకునే స్వభావం కలదైతే డబుల్ లేయరే మారిపోతుంది కాబట్టి, ఈ తీసివేత కూడా పూర్తిగా సరైనది కాదు.

ఛార్జింగ్ కరెంటు, చర్య కరెంటు, రెండింటినీ విడివిడిగా లెక్కించి కూడితే సరిపోదా?

నిరోధం తక్కువగా ఉండి, మొదటి కొన్ని కాల స్థిరాంకాలను మనం పట్టించుకోకపోతే సరిపోతుంది. లేకపోతే సరిపోదు. ఉపరితలం నిజంగా చూసే వోల్టేజి మనం ఇచ్చిన దాని నుంచి మొత్తం కరెంటు, నిరోధాల లబ్ధాన్ని తీసివేయగా మిగిలినది. 1.4 మిల్లీసెకన్ల వద్ద 326 మైక్రోఆంపియర్లకు 100 ఓముల మీద సుమారు 33 మిల్లీవోల్టులు పోతాయి. అదే కరెంటు 1000 ఓముల గుండా వెళ్లవలసి వస్తే 0.33 వోల్టు పోతుంది, అంటే మనం వేసిన మెట్టులో పెద్ద భాగం ఉపరితలానికి చేరనే చేరదు.

కాబట్టి ఉపరితల వోల్టేజిని తెలియని రాశిగా తీసుకొని, ప్రతి కాలపు అడుగులోనూ గాఢతలతో పాటే సాధించాలి. కెపాసిటర్ కరెంటు, చర్య కరెంటు కలిపితే నిరోధం గుండా పోయే కరెంటు రావాలి. చర్య వేగాన్ని వోల్టేజితో ముడిపెట్టే బట్లర్–వోల్మర్ సమీకరణంలో వోల్టేజి ఘాతాంకంలో ఉంటుంది కాబట్టి ఇది రేఖీయం కాని సమస్య అవుతుంది, న్యూటన్ పద్ధతితో కొద్ది ఆవృతాలలోనే జవాబు దొరుకుతుంది. ఇలా చేసినప్పుడు సమయం సున్నా వద్ద ఉన్న అనంతం తనంతట తానే మాయమవుతుంది. తొలి కరెంటు వోల్టేజి మార్పును నిరోధంతో భాగించిన దానిని దాటలేదు.

విసరణ సమీకరణాన్ని కంప్యూటర్‌తో సాధించేటప్పుడు గ్రిడ్‌ను (గాఢతను లెక్కించే బిందువుల వరుసను) ఎలా ఎంచుకోవాలి?

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఈ దశలోనే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

ముందుగా దూరపు హద్దు. అనంతమైన ద్రావణాన్ని కంప్యూటర్‌లో పెట్టలేము గాని, విసరణ గుణకం, మొత్తం సమయం లబ్ధపు వర్గమూలానికి ఆరు రెట్ల దూరంలో హద్దు పెడితే చాలు, అక్కడ గాఢత మారలేదనే చెప్పవచ్చు. 1 సెకను ప్రయోగానికి అది సుమారు 190 మైక్రోమీటర్లు.

తరువాత బిందువుల మధ్య దూరం. తిన్నగా ముందుకు లెక్కించే పద్ధతిలో విసరణ గుణకాన్ని కాలపు అడుగుతో గుణించి, బిందువుల దూరపు వర్గంతో భాగించినది 0.5ను మించకూడదు, మించితే లెక్క పేలిపోతుంది. 1 మైక్రోమీటరు దూరానికి కాలపు అడుగు 0.5 మిల్లీసెకను దాటకూడదు. అంటే ఒక సెకనుకు 2,000 అడుగులు, 190 బిందువులు, పని సుమారు 3,80,000 నవీకరణలు. ఇది చిన్న పనే. కానీ 1 మిల్లీసెకను వద్ద విసరణ పొర మందమే 1.8 మైక్రోమీటర్లు. అందులో రెండు బిందువులు కూడా సరిగా పట్టవు కాబట్టి ఆ సమయానికి వచ్చే కరెంటును నమ్మలేము. దూరాన్ని 0.1 మైక్రోమీటరుకు తగ్గిస్తే పని ఒక్కసారిగా వెయ్యి రెట్లవుతుంది.

దీనికి మందు అసమాన గ్రిడ్. ఉపరితలం వద్ద బిందువులను దగ్గర దగ్గరగా ఉంచి, దూరం పోయేకొద్దీ విడివిడిగా పేర్చాలి. మొదటి ఎడం 0.05 మైక్రోమీటరుగా తీసుకొని ప్రతి ఎడాన్నీ ముందు దానికి 1.1 రెట్లు చేస్తూ పోతే 190 మైక్రోమీటర్లను 63 ఎడాలతో చేరుకోవచ్చు. కాలపు అడుగులను కూడా ఇలాగే మొదట చిన్నవిగా, తరువాత పెద్దవిగా పెంచుకోవచ్చు. ఇందుకు ఎప్పుడూ స్థిరంగా ఉండే అంతర్గత (implicit) పద్ధతులు, అంటే కొత్త గాఢతలన్నిటినీ ఒకేసారి సాధించేవి, కావాలి. అవి త్రికర్ణ మాత్రికలనే ఇస్తాయి కాబట్టి ఖర్చు ఎక్కువేమీ కాదు.

ఇక కరెంటు. గాఢతలు సరిగా వచ్చినా ఉపరితల వాలును మొదటి రెండు బిందువులతోనే లెక్కిస్తే ఖచ్చితత్వం అక్కడే పోతుంది. కనీసం మూడు బిందువుల సూత్రం వాడాలి, గ్రిడ్ అసమానమైతే ఆ సూత్రపు గుణకాలను ఆ ఎడాలకు తగినట్లు మళ్లీ రాబట్టాలి. సమాన గ్రిడ్ గుణకాలను అసమాన గ్రిడ్‌లో వాడటం చాలా తరచుగా కనబడే పొరపాటు.

క్రాంక్–నికల్సన్ పద్ధతి వాడితే కరెంటు మొదట్లో పైకీ కిందికీ ఊగుతోంది. ఎందుకు?

ఆ అంతర్గత పద్ధతి స్థిరమైనదే, రెండవ తరగతి ఖచ్చితత్వం కలదే. కానీ హఠాత్తు మార్పు వల్ల ప్రారంభ నిబంధనకూ హద్దు నిబంధనకూ పొసగదు. ఆ పొసగకపోవడంలో అతి సూక్ష్మమైన తరంగాలు దాగి ఉంటాయి. పైన 0.5 దాటకూడదన్న నిష్పత్తి 100 అయినప్పుడు, క్రాంక్–నికల్సన్ పద్ధతి అత్యంత సూక్ష్మ తరంగాన్ని ప్రతి అడుగులోనూ సుమారు −0.99తో గుణిస్తుంది. గుర్తు మారుతుంది, పరిమాణం దాదాపు తగ్గదు. మీకు కనబడే ఊగిసలాట అదే. వెనుక అంతర్గత (backward implicit) పద్ధతి అదే తరంగాన్ని సుమారు 0.0025తో గుణించి ఒక్క అడుగులోనే అణచివేస్తుంది, కాకపోతే దాని ఖచ్చితత్వం మొదటి తరగతిది.

కాబట్టి మొదటి కొద్ది అడుగులను చిన్నవిగా చేసి వెనుక అంతర్గత పద్ధతితో నడిపి, తరువాత క్రాంక్–నికల్సన్‌కు మారండి. ఊగిసలాటను సగటు తీసి నునుపు చేయడం మాత్రం చేయకండి. దానివల్ల దోషం పోదు, కనబడకుండా పోతుంది.

నా ప్రోగ్రాం సరిగా పని చేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

జవాబు ముందే తెలిసిన సమస్యతో మొదలుపెట్టాలి. నిరోధం, కెపాసిటెన్స్ సున్నా చేసి, చర్య వేగాన్ని బాగా పెంచి, కరెంటును సమయపు వర్గమూలంతో గుణించి గ్రాఫు గీయండి. అది అడ్డగీతగా, కాట్రెల్ చెప్పిన ఎత్తులో ఉండాలి. కరెంటును నేరుగా గీసి సిద్ధాంత వక్రరేఖ మీద పెట్టి ‘సరిపోయింది’ అనుకోవడం కంటే ఇది ఎంతో కఠినమైన పరీక్ష, ఎందుకంటే నిటారుగా పడిపోయే వక్రరేఖలు రెండు శాతం తేడాను కంటికి చూపించవు.

మరొక మంచి పరీక్ష వోల్టేజిని తిరిగి మొదటి విలువకు మార్చడం. ఉత్పత్తి స్థిరమైనదై, ముందు మార్పూ తిరుగు మార్పూ సమాన కాలం సాగితే, తిరుగు మార్పు చివరి కరెంటు, ముందు మార్పు చివరి కరెంటులో 0.293 వంతు ఉండాలి, గుర్తు మాత్రం వ్యతిరేకం. ఒకటి నుంచి రెండు వర్గమూలపు విలోమాన్ని తీసివేస్తే వచ్చేది ఇదే. ఆ తరువాత గ్రిడ్‌ను రెండు రెట్లు సూక్ష్మం చేసి, జవాబు ఎంత మారిందో చూడండి. ఈ మూడు పరీక్షలూ దాటని ప్రోగ్రాంతో ప్రయోగ ఫలితాలను పోల్చడం వృథా శ్రమ.

ప్రయోగంలో కరెంటు కాట్రెల్ విలువ కంటే ఎక్కువగా వస్తోంది. మోడల్ తప్పా?

మోడల్ తప్పు కాకపోవచ్చు, అది ఒకే దిశలోని విసరణను మాత్రమే లెక్కించడం సరిపోకపోవచ్చు. వృత్తాకార ఎలక్ట్రోడ్ అంచుల వద్ద పదార్థం పక్కల నుంచి కూడా వస్తుంది. మన 3 మిల్లీమీటర్ల ఎలక్ట్రోడ్‌కే ఈ అదనం 1 సెకను వద్ద సుమారు 4 శాతం, 10 సెకన్ల వద్ద సుమారు 12 శాతం. ఏకదిశా విసరణ అని ఊహించి ఈ సమాచారం నుంచి విసరణ గుణకాన్ని రాబడితే, అది వర్గంగా వస్తుంది కాబట్టి దోషం దాదాపు రెండింతలవుతుంది. పదుల సెకన్లు గడిచిన తరువాత ద్రావణంలో సాంద్రత తేడాల వల్ల, చిన్న కంపనాల వల్ల పుట్టే సహజ ప్రవాహాలు కూడా తోడవుతాయి. వాటిని విసరణ సమీకరణంలో వెతకడం అనవసరం.

మైక్రోఎలక్ట్రోడ్లకు వేరే మోడల్ కావాలా?

కావాలి. చిన్న వృత్తం వద్ద అంచుల విసరణే ప్రధానమై కరెంటు సున్నాకు పోకుండా ఒక స్థిర విలువ వద్ద నిలుస్తుంది. 5 మైక్రోమీటర్ల వ్యాసార్ధానికి, పైన తీసుకున్న గాఢతకే, అది సుమారు 1.9 నానోఆంపియర్లు. మొత్తం సమయ పరిధికీ షూప్, సాబో 1982లో ఇచ్చిన సూత్రం చక్కగా సరిపోతుంది. నాలుగు రెట్ల విసరణ గుణకాన్ని సమయంతో గుణించి వ్యాసార్ధపు వర్గంతో భాగించి, దాని వర్గమూలపు విలోమాన్ని తీసుకోండి. స్థిర కరెంటును 1 అనుకుంటే, ఏ క్షణపు కరెంటైనా మూడు పదాల మొత్తం: 0.7854 మొదటిది, ఆ విలోమానికి 0.8862 రెట్లు రెండవది, ఆ విలోమాన్ని −0.7823తో గుణించి తీసిన ఘాతాంక విలువకు 0.2146 రెట్లు మూడవది. చాలా కాలం తరువాత మొదటి, మూడవ పదాలు కలిసి సరిగ్గా 1 అవుతాయి. తొలి క్షణాలలో రెండవ పదం కాట్రెల్ సమీకరణమే.

ద్రావణంలో సహాయక లవణం (చర్యలో పాల్గొనకుండా కరెంటును మోసే లవణం) లేకపోతే?

అప్పుడు విసరణ ఒక్కటే చాలదు. అయాన్లు విద్యుత్ క్షేత్రం వల్ల కూడా కదులుతాయి కాబట్టి ఆ రెండు కదలికలనూ లెక్కించే నెర్న్‌స్ట్–ప్లాంక్ సమీకరణాలను, ఛార్జి నుంచి విద్యుత్ క్షేత్రాన్ని ఇచ్చే పాయిసన్ సమీకరణంతో కలిపి సాధించాలి. లీటరుకు 1 మిల్లీమోల్ గల ఏకసంయోజక లవణపు జల ద్రావణంలో డిబై దూరం (ఉపరితలపు ఛార్జి ప్రభావాన్ని అయాన్లు కప్పివేసే దూరం) సుమారు 10 నానోమీటర్లు. ఎలక్ట్రోడ్ల మధ్య సగం దూరం 100 మైక్రోమీటర్లు అనుకుంటే, గ్రిడ్ ఈ రెండు కొలతలనూ, వాటి మధ్య ఉన్న పదివేల రెట్ల తేడానూ ఒకేసారి పట్టుకోవాలి.

ఇక్కడ మూడు కాలాలు కనబడతాయి. డిబై దూరపు వర్గాన్ని విసరణ గుణకంతో భాగిస్తే 0.1 మైక్రోసెకను. ఎలక్ట్రోడ్ల మధ్య సగం దూరపు వర్గాన్ని భాగిస్తే 10 సెకన్లు. ఈ రెండు దూరాల లబ్ధాన్ని భాగిస్తే 1 మిల్లీసెకను. చర్య జరగని ఎలక్ట్రోడ్ల మధ్య చిన్న వోల్టేజి మార్పుకు డబుల్ లేయర్ ఛార్జి అయ్యే కాలం ఈ మూడవదే. బజాంట్, థార్న్‌టన్, అజ్దారీ 2004లో ఈ విషయాన్ని విపులంగా విశ్లేషించారు. నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధాన్ని సూక్ష్మ రాశులలో రాస్తే వచ్చేది కూడా ఇదే.

సమాచారానికి మోడల్‌ను సరిపోల్చి అన్ని స్థిరాంకాలనూ ఒకేసారి రాబట్టవచ్చా?

రాబట్టలేము. కాట్రెల్ ప్రాంతంలో ఎలక్ట్రాన్ల సంఖ్య, వైశాల్యం, గాఢత, విసరణ గుణకపు వర్గమూలం, ఇవన్నీ ఒకే లబ్ధంగా కనబడతాయి. వాటిలో ఒక్కదానిని తెలుసుకోవాలన్నా మిగిలిన మూడూ వేరే మార్గంలో తెలిసి ఉండాలి. ప్రోగ్రాం నాలుగింటికీ విలువలు ఇస్తే అవి ప్రారంభ ఊహల ప్రతిబింబాలే తప్ప కొలతలు కావు.

మైక్రోఎలక్ట్రోడ్ ఇక్కడ ఒక దారి చూపుతుంది. అక్కడ కరెంటును దాని స్థిర విలువతో భాగిస్తే గాఢత, ఎలక్ట్రాన్ల సంఖ్య రెండూ కొట్టివేయబడి, మిగిలేది విసరణ గుణకం, వ్యాసార్ధం మాత్రమే. వ్యాసార్ధాన్ని సూక్ష్మదర్శినితో కొలిచి ఉంటే విసరణ గుణకం నేరుగా వస్తుంది. ఆ తరువాత స్థిర కరెంటు విలువ నుంచి, గాఢత తెలిసి ఉంటే, ఎలక్ట్రాన్ల సంఖ్యను కూడా రాబట్టవచ్చు.